క్రిస్మస్ మర్నాటి తీరిక

డిసెంబరు 25తో క్రిస్మస్ ముగిసిపోదు. పాశ్చాత్య క్రైస్తవ సంప్రదాయంలో, తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును దర్శించుకున్న జనవరి 6 వరకూ పండుగ రోజులే. వాటిలో 26 తొలి హతసాక్షి స్తెఫనుది. 27 అపొస్తలుడైన యోహానుది. 28 హేరోదు చంపించిన పసిపిల్లల స్మరణకు కేటాయించింది. బ్రిటన్‌లోనూ, బ్రిటిష్ అలవాట్లు పాతుకుపోయిన ఆస్ట్రేలియా వంటి దేశాల్లోనూ ఈ రోజులు జనరంజక వినోదానికి కూడా పెట్టింది పేరు. నాటకం, సినిమా, టెలివిజన్, క్రికెట్ చరిత్రల్లో ఏటా తలుచుకునే తేదీలు ఈ వారంలో వరసగా కనిపిస్తాయి. దీనికి కారణం తీరిక. పనికి సెలవుండి, ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో కళకు ప్రేక్షకులు దొరుకుతారు.

26వ తేదీని ఇంగ్లండ్‌లో బాక్సింగ్ డే అంటారు. పండుగనాడు యజమాని ఇంట్లో వంటా వడ్డనా చేసిన పనివాళ్లకు మర్నాడు ఒక పెట్టెలో కానుకలు పెట్టి ఇచ్చి సొంతిళ్లకు పంపడం పాత ఆచారం. తపాలా బంట్రోతులు, దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లు కూడా ఆనాడే ఇంటింటా పండగ మామూళ్లు అందుకునేవారు. ఇలా దయాధర్మంగా దక్కుతున్న ఆ తీరికకు 1871లో చట్టం అండ దొరికింది. బ్యాంకరూ, పార్లమెంటు సభ్యుడూ అయిన జాన్ లబ్బక్ చొరవతో వచ్చిన బ్యాంకు సెలవుల చట్టం బాక్సింగ్ డేను కూడా సెలవుల జాబితాలో చేర్చింది.

ఆ సెలవును అందరికంటే బాగా వాడుకున్నవి నాటకశాలలు. విక్టోరియా రాణి కాలంలో లండన్ డ్రూరీ లేన్ వంటి పెద్ద థియేటర్లు కొత్త పాంటోమైమ్‌ను 26 రాత్రే మొదలుపెట్టేవి. సిండ్రెల్లా, అల్లాద్దీన్ వంటి తెలిసిన కథలకు పాటలు, హాస్యం, మాయలు జోడించిన ప్రదర్శన ఇది. ముసలావిడ వేషం మగవాడు కడతాడు, కథానాయకుడి వేషం అమ్మాయి కడుతుంది. దుష్టపాత్ర రాగానే పిల్లలు సీట్లలోంచి అరిచి హీరోను హెచ్చరిస్తారు. చాలామంది బ్రిటిష్ పిల్లలు మొట్టమొదట చూసే నాటకం ఇప్పటికీ ఇదే.

జేమ్స్ బ్యారీ రాసిన 'పీటర్ పాన్' ఇదే పండుగ రోజుల్లో రంగస్థలం ఎక్కింది. డిసెంబరు 22న మొదలుకావలసిన ప్రదర్శన, రంగస్థల యంత్రాలు మొరాయించడంతో వాయిదాపడి, 1904 డిసెంబరు 27న లండన్ డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో జరిగింది. పీటర్‌గా నటించింది నీనా బూసికాల్ట్. 1929లో బ్యారీ ఆ నాటకం హక్కులను గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసి ఇచ్చేశాడు. కాపీరైట్ గడువు తీరినా బ్రిటన్‌లో రాయల్టీ ఆ ఆసుపత్రికే చెందేలా 1988లో పార్లమెంటు చట్టం చేసింది.

నాటకం తర్వాత సినిమా. 1895 డిసెంబరు 28, శనివారం. పారిస్ కాపుసీన్ వీధిలోని గ్రాండ్ కెఫే నేలమాళిగ గదిలో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి తమ చలనచిత్రాలను చూపించారు. టికెట్టు ఒక ఫ్రాంకు. డబ్బిచ్చి వచ్చినవారు 33 మంది. నిమిషం కూడా లేని పది చిత్రాలు ఆడాయి. తమ ఫ్యాక్టరీ నుంచి కార్మికులు బయటికి వస్తున్న దృశ్యం వాటిలో ఒకటి. తెరమీద రైలును చూసి జనం జడుసుకున్నారనే కథను ఈ రోజుకు ముడిపెడుతుంటారు కానీ, ఆనాటి పదింటిలో రైలు చిత్రం లేదు. ఆర్నెల్లు దాటగానే, 1896 జూలై 7న, లూమియేర్ల చలనచిత్ర యంత్రం బొంబాయి వాట్సన్ హోటల్‌కు చేరింది. భారతదేశంలో సినిమా ప్రదర్శనకు అదే నాంది. సంక్రాంతికి పెద్ద సినిమాలు విడుదల చేసే తెలుగు నిర్మాతలు నమ్మేది కూడా పండుగ తీరికనే.

తీరికగా ఉన్న ప్రేక్షకుడు ప్రతిదాన్నీ మెచ్చుకుంటాడని లేదు. 1967 డిసెంబరు 26న బీబీసీ బీటిల్స్ బృందం తీసిన 'మేజికల్ మిస్టరీ టూర్'ను ప్రసారం చేసింది. రంగుల్లో తీసిన చిత్రం నలుపు తెలుపుల్లో వచ్చింది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే పండుగ వేళ, కథ లేని ఆ ప్రయోగం చాలామందికి రుచించలేదు. విమర్శకులు చీల్చి చెండాడారు.

ఆస్ట్రేలియాలో బాక్సింగ్ డే క్రికెట్‌ది. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో 1866 బాక్సింగ్ డే నాడు ఆదివాసీ ఆటగాళ్ల జట్టు మెల్‌బోర్న్ క్లబ్బుతో తలపడింది. అక్కడ బాక్సింగ్ డే నాడు మొదలైన తొలి టెస్టు 1968లో వెస్టిండీస్‌తో జరిగింది. 1980 నుంచి, ఒక్క 1989లో తప్ప, ఏటా అక్కడ బాక్సింగ్ డే టెస్టు జరుగుతోంది. తెలుగువాళ్లకు కూడా ఈ మైదానంలో చెప్పుకోదగ్గ తేదీలున్నాయి. హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ 2020లో, తండ్రి పోయిన కొన్ని వారాలకే, ఇక్కడ తొలి టెస్టు ఆడి ఐదు వికెట్లు తీశాడు. 2024 డిసెంబరు 28న విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఇక్కడే తొలి టెస్టు సెంచరీ కొట్టాడు. 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. చివరి వికెట్‌గా వచ్చిన సిరాజ్ మూడు బంతులు కాచుకుని నిలబడ్డాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ ఫోర్ కొట్టి వంద దాటాడు. గ్యాలరీలో తండ్రి కంటతడి పెట్టుకున్నాడు. ఆ టెస్టులో భారత్ ఓడింది. ఐదు రోజుల్లో మైదానానికి వచ్చినవారు 3,73,691 మంది, ఆ గ్రౌండ్‌లో టెస్టు మ్యాచ్‌కు అది రికార్డు.

ఇలాంటి వార్షికోత్సవాలకు బలం, ఆ పనిని మళ్లీ చేయడంలో ఉంది. పాంటోమైమ్‌ను ఏటా కొత్త పిల్లల ముందు ఆడతారు కాబట్టి అది మిగిలింది. టెస్టును ఏటా మళ్లీ ఆడతారు కాబట్టి పాత స్కోర్లకు విలువ ఉంది. డిసెంబరు 28న సినిమా పుట్టినరోజును తలుచుకోవాలనుకునేవారు ఆ లూమియేర్ చిత్రాలను ఇంట్లో పిల్లలతో కలిసి చూడవచ్చు. పదీ కలిపినా పావుగంట పట్టదు.