సాఫ్ట్‌వేర్‌లో తెలుగు తేదీ: వ్యాకరణ, కాలగణన దృష్టితో ఒక విమర్శ

ఉపోద్ఘాతం

ఫోను తెర మీద తెలుగులో కనిపించే తేదీని సాధారణంగా ఏ అనువాదకుడూ విడిగా రాయడు. దాని వెనుక ఒక ఉమ్మడి దత్తాంశ నిధి ఉంటుంది. యూనికోడ్ కన్సార్టియం నిర్వహించే ఆ నిధి పేరు 'కామన్ లొకేల్ డేటా రిపాజిటరీ'. సంక్షిప్తంగా సీఎల్‌డీఆర్ అంటారు. ప్రపంచ భాషల నెలల పేర్లు, వారాల పేర్లు, తేదీ అమరికలు అందులో ఉంటాయి. ఆండ్రాయిడ్, క్రోమ్ వంటివి దాని మీద ఆధారపడతాయి. కనుక అందులో చేరిన ఒక్క కామా కూడా అసంఖ్యాకమైన తెరల మీద తెలుగు రాతగా స్థిరపడుతుంది. అందువల్ల ఈ దత్తాంశాన్ని సాంకేతిక వివరంగా మాత్రమే కాక, భాషా ప్రమాణంగా కూడా పరిశీలించవలసి ఉంది.

పదక్రమం

సీఎల్‌డీఆర్ తెలుగుకు ఇచ్చిన పూర్ణరూపం '15, ఆగస్టు 2024, గురువారం'. దీర్ఘరూపం '15 ఆగస్టు, 2024'. రోజు, నెల, ఏడు అనే ఈ క్రమం భారతీయ ఆంగ్ల వ్యవహారానికి సహజమైనది. తెలుగులో విశేషణం విశేష్యానికి ముందుంటుంది. విభక్తి చివరి పదాన్ని చేరుతుంది. 'ఆగస్టు పదిహేను' అన్నప్పుడు నెల రోజును విశేషిస్తుంది. '2024 ఆగస్టు 15న' అంటే 'న' ప్రత్యయం రోజుకే అన్వయిస్తుంది. '15 ఆగస్టు, 2024న' అంటే అది ఏటిని చేరి అన్వయం చెదురుతుంది. తెలుగువారికి చెవికి అలవాటైన సంకల్పం సంస్కృత వాక్యమే అయినా, అందులోనూ సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి అని పెద్ద ప్రమాణం నుంచి చిన్న ప్రమాణానికి దిగడమే ఉంది.

కార్యాలయాల్లో '15-08-2024' అనే అంకెల రూపం స్థిరపడిన మాట నిజమే. అంకెల రూపానికి ఆ క్రమమే ఉండాలి. అక్షరరూపం మాత్రం వాక్యంలో ఇమడవలసినది. జపనీస్, కొరియన్, హంగేరియన్ భాషలకు ఇదే నిధి ఏడు, నెల, రోజు అనే క్రమాన్ని ఇచ్చింది. కాబట్టి ఇది యంత్రపు పరిమితి కాదు, ఎంపికలోని లోపం.

విభక్తి, పదరూపాలు

రష్యన్‌లో జనవరి నెల విడిగా 'యన్వార్', తేదీలో షష్ఠీరూపంగా 'యన్వర్యా' అవుతుంది. ఇటువంటి భాషల కోసం సీఎల్‌డీఆర్ రెండు వేర్వేరు పట్టికలను కల్పించింది. తెలుగు సమస్య వేరు. ఇక్కడ ప్రత్యయం తేదీ మొత్తానికి చివర చేరుతుంది. సాఫ్ట్‌వేర్ వాక్యంలో తేదీకి ఖాళీ వదిలి, దాని పక్కన 'కి' అని ముందే రాసి ఉంచితే 'గురువారంకి' అనే రూపం పుడుతుంది. 'అం'తో ముగిసే నామం 'గురువారానికి' అని మారాలన్న నియమం ఆ ఖాళీకి తెలియదు. 'నాడు', 'నుంచి', 'వరకు' వంటి పదాలు ముందున్న వారం పేరును మార్చవు. అనువాదకులు వాటిని ఎంచుకుంటే ఈ దోషం చాలావరకు తొలగుతుంది.

నెలల పేర్లలోనూ ఏకరూపత లేదు. 'మార్చి', 'ఆగస్టు' తెలుగు స్వభావానికి తగినట్లు అజంతాలయ్యాయి. 'సెప్టెంబర్', 'అక్టోబర్' హలంతాలుగానే మిగిలాయి. అతిసంక్షిప్త రూపాల్లో జూన్‌కు 'జూ', జులైకి 'జు' ఇచ్చారు. చిన్న తెర మీద రెండు నెలలకు మధ్య హ్రస్వదీర్ఘ భేదమే హద్దు.

కాలగణన

మరింత లోతైన సమస్య పంచాంగానిది. సీఎల్‌డీఆర్‌లో 'భారతీయ' కాలెండరుగా ఉన్నది 1957 మార్చి 22 నుంచి అమలైన జాతీయ శక కాలెండరు. మేఘనాథ్ సాహా అధ్యక్షుడిగా ఉన్న సంస్కరణ సంఘం సూచించిన ఈ గణన సౌరమానానిది. తెలుగువారి పంచాంగం చాంద్రమానానిది. మాసనామాలు మాత్రం రెండింటికీ ఒకటే. ఫలితంగా 2024 ఏప్రిల్ 9న, క్రోధి నామ సంవత్సర ఉగాది నాడు, పంచాంగం చైత్ర శుద్ధ పాడ్యమి అంటే 'భారతీయ' కాలెండరు చైత్రం 20 అంటుంది. తెర మీద 'చైత్రం' అనే మాట చూసిన పాఠకుడు ఏ చైత్రమని గ్రహించాలి?

తిథిక్షయం, తిథివృద్ధి, అధికమాసం ఉన్న గణనను యంత్రానికి అప్పగించడం సులభం కాదు. సూర్యోదయాన్ని బట్టి తిథి నిర్ణయమవుతుంది గనుక హైదరాబాదు తేదీ అమెరికాలోని తెలుగు కుటుంబానికి అన్నివేళలా సరిపోదు. అయితే చైనా కాలెండరు కోసం అరవై ఏళ్ల చక్రంలోని వర్షనామానికీ, అధికమాసానికీ సీఎల్‌డీఆర్ ఇప్పటికే స్థానం కల్పించింది. ప్రభవాది సంవత్సరాల చక్రమూ అరవై ఏళ్లదే. పేర్లను నిలిపే చట్రం ఉంది. దానిని తెలుగుకు అన్వయించే గణన చేరలేదు.

ముగింపు

సీఎల్‌డీఆర్ దత్తాంశం మార్పులకు అతీతమైనది కాదు. సర్వే టూల్ ద్వారా భాషీయుల సూచనలూ ఓట్లూ స్వీకరించే ఏర్పాటు దానికి ఉంది. పదక్రమం, నెలల పేర్ల వర్ణక్రమం వంటివి వ్యాకరణం తెలిసినవారు తేల్చవలసిన విషయాలు. తెలుగు శాఖలు ఈ పనిని తమది కాదనుకుంటే, యంత్రం ఇచ్చిన రూపమే రేపటి విద్యార్థికి ప్రమాణమవుతుంది. అప్పుడు 'గురువారంకి' దోషమని చెప్పడానికి ఉపాధ్యాయుడు తెరతోనే వాదించవలసి వస్తుంది.