పాత చేయి, కొత్త సముద్రం

పొద్దున్నే అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ జెట్టీ మీద వినపడే తెలుగు అచ్చం శ్రీకాకుళం తీరానిదే. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురమైంది గానీ జెట్టీ మీద ఆ పేరింకా నోళ్లకెక్కలేదు. తరాల కిందట స్థిరపడ్డవాళ్ల పడవల్లోకి ఆ తీరం నుంచి ఇప్పటికీ కొత్త కలాసీలు వస్తూనే ఉంటారు.

కొత్త కుర్రాడికి తండేలు, అంటే పడవ పెద్ద, కారణాలు చెప్పడు. "తాడు చుట్టలో కాలెట్టకు" అంటాడు, అంతే. లంగరు జారితే ఆ చుట్టే మనిషిని నీళ్లలోకి లాగేస్తుంది. "ఎక్కడ వెయ్యాల?" అని అడిగేవాడు "అక్కడే ఎందుకు?" అనడం మొదలెట్టాక తండేలు కూడా విడమరిచి చెప్పడం మొదలెడతాడు. చేయి తిరిగినవాడికి చుక్కాని వదిలేసి బీడీ వెలిగించుకుంటాడు.

చిక్కల్లా నలభై ఏళ్లొచ్చాక శ్రీకాకుళం నుంచి వచ్చినవాడితోనే. అక్కడ ఇసుక ఒడ్డు నుంచి కెరటాలు దాటించడం పెద్ద విద్య. ఇక్కడ పడవ అలల తాకిడి అంతగా లేని అఖాతంలోంచే బయల్దేరుతుంది కాబట్టి ఆ విద్యతో అంతగా పనిపడదు. అడుగున మాత్రం పగడపు రాయి. వల తగులుకుందంటే చిరిగిందన్నమాటే. "మావా, నీకు తెల్దని కాదు. ఈ నాల్రోజులూ నే చెప్పిన కాడే లంగరెయ్యి. వల బాగుచెయ్యడం మాత్రం నువ్వే ఈ కుర్రోళ్లకి నేర్పాల" అన్నాడొక తండేలు. ఒకే మనిషి ఒక పనిలో శిష్యుడు, ఇంకో పనిలో గురువు. మావ ముఖం చిన్నబోలేదు.

ఇలా మనిషి సంసిద్ధతను బట్టి నాయకుడు తీరు మార్చుకోవాలని పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969లో సిద్ధాంతం చేశారు. ఆ సంసిద్ధత మనిషి మొత్తానికి కాదు, పనిపనికీ విడిగా చూడాలన్నదే అందులో అసలు మాట. శిక్షణ తరగతుల్లో ఆ తీర్లను చూపే నాలుగు గళ్ల బొమ్మ మిగిలి, ఈ మాట జారిపోతుంది. మెయిన్‌లాండ్‌లో ఇరవై ఏళ్లు చేసిన అధికారి కార్ నికోబార్‌కు బదిలీ మీద వస్తే, సర్వీసు చూసి తొలిరోజే అన్నీ ఆయనకే వదిలేస్తారు. ఫైలు ఆయనకు కొట్టినపిండే. వానాకాలంలో ఓడ రాకపోతే సరుకు సంగతేమిటో ఆయనకెవరు చెప్పాలి?

ఇంకో రకం తండేళ్లూ ఉన్నారు, ఏళ్లు గడిచినా చుక్కాని వదలరు. వాళ్ల కుర్రాళ్లు హేవ్‌లాక్ దీవి టూరిస్టు పడవల్లోకి వెళ్లిపోతారు.

ఉన్నట్టుండి గాలి తిరిగితే మాత్రం ఈ తేడాలేవీ ఉండవు. మావకైనా, కుర్రాడికైనా ఒకటే కేక. ఆఫీసుల్లో కొందరు ఈ కేక ఒక్కటే నేర్చుకుని, ఎండ కాసే రోజున కూడా వేస్తుంటారు.