రంగు రాకముందే బొమ్మను చూడటం: శ్రీకాళహస్తి కలంకారీ

స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తి కలంకారీ పూర్తిగా చేతి గీత మీద నడిచే కళ. కృష్ణా జిల్లాలోని పెడన, మచిలీపట్నంలలో చెక్క అచ్చులతో గుడ్డ మీద నమూనాలు అద్దుతారు. శ్రీకాళహస్తిలో మాత్రం ప్రతి గీతా కలం నుంచే రావాలి. గుళ్లలో వేలాడదీసే రామాయణ, భారత కథల తెరలుగా ఈ పని పెరిగింది. బొమ్మలతో ఆలోచించడం, బొమ్మలతో విషయం చెప్పడం నేర్చుకునేవారికి ఇందులో ఒక సంపూర్ణ పాఠం ఉంది.

మొదటి పని గుడ్డను సిద్ధం చేయడం. ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. కరక్కాయలోని వగరు పదార్థం రంగును పట్టి ఉంచుతుంది. కలం వెదురు పుల్లతో తయారవుతుంది. మొనకు కాస్త పైన ఉన్ని లేదా గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. సిరాలో ముంచి, ఆ చుట్టను వేళ్లతో నొక్కే కొద్దీ సిరా మొనకు దిగుతుంది. గీత సన్నబడటం, లావవడం వేళ్ల ఒత్తిడిలోనే ఉంది.

గీయడానికి ముందు కథను గళ్లుగా పంచుకోవాలి. పట్టాభిషేకం వంటి ముఖ్య ఘట్టం నడుమ పెద్దగా నిలుస్తుంది. మిగిలిన ఘట్టాలు దాని చుట్టూ వరుసల్లో సాగుతాయి. పాత తెరల్లో గళ్ల అంచున తెలుగులో వివరణ కూడా ఉంటుంది. దేవుళ్లకు నీలం, స్త్రీలకూ నగలకూ పసుపు, రాక్షసులకు ఎరుపు, ఆకుపచ్చ వాడటం వాడుక. కాబట్టి చదువు రానివారు కూడా ఎవరు ఎవరో దూరం నుంచే పోల్చుకుంటారు. ఏది పెద్దదిగా ఉండాలి, చూపు ఎటు నుంచి ఎటు పోవాలి, ఏ రంగు ఏ అర్థం చెప్పాలి అన్న నిర్ణయాలన్నీ ఇక్కడే జరుగుతాయి. నేటి డిజైన్ విద్యార్థి పోస్టరు ముందు కూర్చుని తేల్చుకోవలసినవీ ఇవే.

చింతపుల్లల బొగ్గుతో రూపురేఖలు వేశాక నల్ల సిరా వస్తుంది. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరితే అది తయారవుతుంది. గుడ్డలోని కరక్కాయ తగలగానే గీత నల్లబడి నిలిచిపోతుంది, చెరపడం కుదరదు. తర్వాత ఎరుపు రావలసిన చోట్ల పటిక నీళ్లు అద్దుతారు. ఆ నీళ్లకు తమదంటూ రంగు లేదు. గుడ్డను ప్రవాహపు నీటిలో జాడించి, ఎరుపునిచ్చే మంజిష్ఠ వంటి వేర్లు, చెక్కలతో ఉడికించినప్పుడే పటిక తగిలిన చోట ఎరుపు తేలుతుంది. అంటే చిత్రకారుడు కంటికి కనిపించని రంగును మనసులో చూస్తూ చెయ్యి కదపాలి. ఆ తర్వాత కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, పసుపు మీద నీలం వేసి ఆకుపచ్చ రప్పిస్తారు. ఉడికించడం, ఉతకడం, ఎండబెట్టడం మళ్లీ మళ్లీ జరుగుతుంటాయి.

ఈ విద్య ఒక దశలో అంతరించే స్థితికి చేరింది. 1950ల చివర్లో హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం రావడంతో మళ్లీ ఊపిరి పోసుకుంది. జొన్నలగడ్డ లక్ష్మయ్య, ఆయన కుమారుడు గురప్పశెట్టి వంటి కళాకారులు దాన్ని నిలబెట్టారు. గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది. తిరుపతిలోని టీటీడీ శిల్ప శిక్షణ సంస్థ కూడా కలంకారీ నేర్పుతోంది. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది.

కంప్యూటర్ తెర మీద గీసింది నచ్చకపోతే క్షణంలో వెనక్కి తీసుకోవచ్చు. కలంకారీలో ఆ వీలు లేదు కనుక, చెయ్యి కదిలేలోపు కథ, కూర్పు, రంగు మూడూ మనసులో కుదిరి ఉండాలి. పనిముట్లు ఎన్ని మారినా బొమ్మ గీసేవారికి అవసరమైన శిక్షణ ఇదే. శ్రీకాళహస్తి దాన్ని తరతరాలుగా చేతుల మీదుగా అందిస్తూ వస్తోంది.