తండా కథలో రొట్టె ఏది?

గిరిజన జీవితం మీద వస్తున్న తెలుగు రచనల్లో తిండి ప్రస్తావన ఈమధ్య బాగా పెరిగింది. ఇది ఆహ్వానించదగిందే. కాని ఆ ప్రస్తావన వెనకవున్న దృక్పథాన్ని పరిశీలిస్తే నాకు రెండు ధోరణులు కనబడుతున్నాయి. జొన్నరొట్టె తిన్న రోజులే ఆరోగ్యమనీ, బియ్యం వచ్చి తండాను చెడగొట్టిందనీ వాపోయేది మొదటిది. సర్కారు బియ్యంతో ఆకలి సమస్య తీరిపోయిందని సంబరపడేది రెండోది. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధాలు. నిజానికి రెండింటిదీ ఒకటే లోపం. రెండూ కంచాన్ని చూస్తాయి, కంచంలోకి కూడు వచ్చే దారిని చూడవు.

వికారాబాదు జిల్లా కోట్‌పల్లి, తాండూరు ప్రాంతాల లంబాడీ తండాలను దృష్టిలో పెట్టుకుని ఈ మాట అంటున్నాను.

మొదటి ధోరణి సంగతి చూద్దాం. జొన్న మీదనే బతికిన దక్కను పేదల్లో పెలగ్రా అనే జబ్బు వుండేది. చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతం నుంచి జొన్నకూ ఈ జబ్బుకూ వున్న సంబంధాన్ని పరిశోధించారు. అంతమాత్రాన జొన్న చెడ్డదని కాదు. జొన్నతోపాటు పప్పూ పాలూ అందే ఇంటికి అంతగా సోకని జబ్బు, జొన్న తప్ప మరేమీ దొరకని కూలీని పట్టుకుంది. అంటే ఒకే రొట్టెలో రెండు వర్గాలున్నాయి. ‘మన తాతలు జొన్నలు తిని ఉక్కులా వుండేవాళ్లు’ అని రాసే రచయిత ఏ తాత గురించి రాస్తున్నాడో చెప్పాలి. ఇంకో మాట. ఆ రొట్టె వెనక, చీకటితోనే లేచి ఇసుర్రాయి తిప్పి, మళ్లీ పగలంతా కూలికిపోయిన స్త్రీ వుంది. బియ్యం ఆమెకు ఆ చాకిరీ తప్పించింది. ఆమె చేతులకు కాయలు కాసిన సంగతి మరిచి రొట్టె రుచిని కీర్తించడం అభ్యుదయం అనిపించుకోదు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పేదవాడి తిండిగా చులకనైన కొర్రలు ఇవాళ నగరంలో మామూలు బియ్యాన్ని మించిన ధరకు అమ్ముడుపోతున్నాయి. మన రచయితల్లో కొందరి వాపోత ఈ కొనుగోలుదారు గొంతుతో వినబడటం యాదృచ్ఛికం కాదు.

ఇక రెండో ధోరణి. లంబాడీలు ఒకప్పుడు ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు దేశమంతటా మోసినవాళ్లు. మొగలాయి సైన్యాలకు తిండిగింజలు చేరవేసినవాళ్లు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. ఆ పట్టాలు తాండూరు, వికారాబాదుల మీదుగానే పోతాయి. రైలూ రోడ్లూ పెరిగేకొద్దీ ఎద్దు మోసే బరువుకు విలువ లేకుండా పోయింది. లోకానికి గింజలు మోసిన జాతి మెట్టచెలకల్లో, కూలిపనుల్లో బతుకు వెతుక్కుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2025 నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. కరువు చూసిన ఇంట్లో ఆ బియ్యం విలువ ఎంతో నాకు తెలుసు. దాన్ని వెటకారం చేసే హక్కు కడుపు నిండినవాడికి లేదు. అయితే బియ్యం కడుపు నింపినంతలో పోషణ సమస్య తీరదు. పప్పు, పాలు, కూరాకు ఎక్కడికి పోయాయన్నది అసలు ప్రశ్న.

అవి పోయిన దారి చేలోనే వుంది. జొన్నలో కందిని కలిపి వేసినప్పుడు గింజ మనిషికి, సొప్ప పశువుకు దక్కేవి. పశువు వుంటే మజ్జిగ వుండేది, ఎరువు వుండేది. కలుపు తీసే చేతులకే దొగ్గలికూర, గునుగు దొరికేవి. ఆ చేలో పత్తి వేస్తే సొప్ప లేదు. సొప్ప లేకపోతే పశువు నిలవదు. కలుపుమందు కొడితే కలుపుతోపాటు కూరాకూ చస్తుంది. పత్తి డబ్బు విత్తనాల షాపు అప్పుకే చాలకపోతే పప్పు కొనేదెవరు? 1967లో కట్టిన కోట్‌పల్లి ప్రాజెక్టు కింద తడి అందిన పొలం లెక్క వేరు, వానను నమ్ముకున్న మెట్టచెలక లెక్క వేరు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది పండించిన ఇంట్లో పప్పు ఎంత చిక్కగా వుందో అడిగిన కథ నేనింకా చదవలేదు.

తండాలో పుట్టిన రచయితలే ఇప్పుడు కలం పట్టారు. రమేశ్ కార్తీక్ నాయక్ కథలు ‘ఢావ్లో’కు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం రావడం మంచి పరిణామం. మైదానం నుంచి వెళ్లిన రచయితలు మాత్రం అద్దాల రవికెల దగ్గర, తీజ్ పాటల దగ్గరే ఆగిపోతున్నారు. హైమన్‌డార్ఫ్ నిజాం రాజ్యంలో పనిచేసిన మానవశాస్త్రవేత్త. ఆయన పరిమితులు ఆయనకున్నాయి. అయినా 1943లో చెంచుల మీద అచ్చయిన పుస్తకంలో వాళ్లు తవ్వే దుంపలనూ, తవ్వే కర్రనూ వదలకుండా నమోదు చేశాడు. ఆ మాత్రం ఓపిక అభ్యుదయ రచయితకు వుండొద్దా?

దారి లేకపోలేదు. పొరుగునే జహీరాబాదు ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల్లో బీళ్లు సాగులోకి తెచ్చి, జొన్నలతో తమ పంపిణీ తామే నడిపారు. అక్కడ రొట్టె జ్ఞాపకంగా కాదు, నిర్ణయంగా తిరిగి వచ్చింది. నిర్ణయించుకోవాలంటే మాత్రం కాళ్లకింద భూమి వుండాలి. ఇదే జిల్లాలో లగచర్ల, రోటిబండ తండా రైతులు 2024లో ఔషధ పరిశ్రమల కోసం జరిగే భూసేకరణను ఎదిరించారు. ఆ నవంబరు ఆఖరుకు ప్రభుత్వం ఆ ప్రకటనను ఉపసంహరించుకుని, పారిశ్రామిక పార్కు పేరుతో మరో ప్రకటన ఇచ్చింది. దీన్ని పరిహారం గొడవగా మాత్రమే చూసే రచయితకు, పోయే ఎకరంతోపాటు ఏ పప్పు, ఏ పాలు, ఏ కూరాకు పోతాయో కనబడదు. తండా మీద రాయదలచుకున్న మిత్రులు ముందు ఆ లెక్క తెలుసుకోవాలని నా విజ్ఞప్తి. కథకు కావలసిన సంఘర్షణ అందులోనే వుంది.