నారు పోయకముందే వేసే లెక్క

గుంటూరు, ప్రకాశం చేలల్లో మిర్చి వేసే కౌలు రైతు నారు పోయకముందే ఖర్చు కట్టేసుకుంటాడు. కౌలు, విత్తనం, మందులు, కాయ ఆరబెట్టి టిక్కీ బస్తాల్లో తొక్కించేదాకా అన్నీ. కోత కూలి దగ్గర మాత్రం కాస్త ఎక్కువే వేసుకుంటాడు, లెక్క తప్పేది అక్కడేనని తెలుసు గనక. వ్యోమనౌకకు తొలి అంచనా వేసేవాళ్లలో నేను మెచ్చుకునేదీ ఆ ముందుచూపునే.

అప్పటికి పూర్తి డ్రాయింగులే ఉండవు. బరువెంత, కరెంటెంత, ఇదివరకు ఎగిరినవాటిలో ఏది పనికొస్తుంది, ఇవే ఆధారాలు. డిజైను సాగేకొద్దీ బరువు పెరుగుతుంది, అందుకే మొదట్లోనే కొంత వెసులుబాటు ఉంచుతారు. ఒక్క పరికరం చేర్చామంటే దానికి కరెంటు కావాలి, కరెంటుకు సోలార్ పలక, ఆ బరువు మోయడానికి ఇంధనం, అన్నింటికీ పరీక్షలు. ఈ గొలుసంతా కాగితం మీదే పట్టుకోవడం ఎంత నేర్పు!

ఇస్రోవాళ్లు అంగారకుడికి పంపిన మంగళయాన్‌నే చూడండి. ఖర్చు 450 కోట్లు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి లేచినప్పుడు దాని బరువు 1,337 కిలోలు. అందులో ఇంధనమే 852. శాస్త్ర పరికరాలు ఐదూ కలిపి 15 కిలోల లోపే. నమ్మకమైన పీఎస్ఎల్వీ రాకెట్ దాన్ని నేరుగా అంగారకుడి దారి పట్టించలేదు, కాబట్టి నౌక తన ఇంజనుతోనే భూమి చుట్టూ కక్ష్యను పెంచుకుంటూ పోయింది. ఆ ఇంజనూ మన సమాచార ఉపగ్రహాల్లో వాడుతున్నదే. చవకని అందరూ పొగిడారు. ఏది వదులుకోవాలో ముందే తేల్చుకున్నందుకు నేను పొగుడుతాను. 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరేటప్పుడు ఒకవేళ పెద్ద ఇంజను మొరాయిస్తే ఎనిమిది చిన్న థ్రస్టర్లతో నెట్టుకొచ్చే ఏర్పాటు మాత్రం వాళ్లు వదులుకోలేదు.