చర్చిలు యుద్ధచరిత్రయందు మన దేశము

విన్‌స్టన్ చర్చిలు రచించిన రెండవ ప్రపంచయుద్ధ చరిత్ర ఆఱు సంపుటముల గ్రంథము. మొదటి సంపుటము 1948లో వెలువడినది. 1953లో గ్రంథకర్తకు సాహిత్యమునకై నోబెల్ బహుమానము లభించినది. ఆంగ్లగద్యము నేర్వగోరు విద్యార్థులతో దీనిని చదువుమనియే మేము చెప్పుచుందుము. వాక్యము నెచట సాగదీయవలెనో, ఎచట నొక్క చిన్నమాటతో తెగగొట్టవలెనో ఆయన యెఱిగినట్లు ఎఱిగినవారు అరుదు. సహాయకులు కొందఱు పత్రములు సేకరించి చిత్తుప్రతులు వ్రాసియిచ్చిరనుట ఇప్పుడు దాపరికము కాదు. అయినను కంఠస్వర మాయనదే. ఇంత చక్కగా చెప్పబడిన గ్రంథమగుటచేతనే దీనిని నిలిచి, పరీక్షించి చదువవలసియున్నది.

నాలుగవ సంపుటమున క్రిప్సు రాయబారమును గూర్చిన ప్రకరణ మొకటి కలదు. అందు గ్రంథకర్త మన దేశమును గూర్చి మూడు సంగతులు చెప్పినాడు. ఈ యుద్ధమున భారతప్రజలంత సురక్షితముగా నున్నవారు మఱియొకరు లేరనియు, ఆ భారమును చిన్నదీవియైన బ్రిటను మోసినదనియు ఒకటి. ఇరువదియైదు లక్షలకు పైగా భారతీయులు స్వచ్ఛందముగా సేనలలో చేరి, నిరుపమానమైన శౌర్యము చూపిరనుట రెండవది. భారతదేశమును కాపాడినందులకు బ్రిటనే దానికి అప్పుపడవలసివచ్చెనను ఫిర్యాదు మూడవది. తర్కశాస్త్రము చదివినవారు ఈ మూటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో విస్మయపడక మానరు. ఇరువదియైదు లక్షలమందిని యుద్ధమునకు పంపినవాడు మోయబడినవాడెట్లయ్యెను? అప్పిచ్చినవాడు ఆశ్రితుడెట్లయ్యెను?

యథార్థమేమనగా, 1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు మన నాయకులలో నొక్కరినైనను సంప్రతింపకయే భారతదేశము యుద్ధమున ప్రవేశించినదని ప్రకటించెను. నాటికి రెండు లక్షలకు కొంచె మించుమించుగా నున్న సేన యుద్ధాంతమునకు ఇరువదియైదు లక్షలైనది. 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండలను, 1944లో ఇటలీలోని కసీనో వాలులను ఎక్కినవారిలో మన సిపాయిలుండిరి. అదే సంవత్సరమున ఇంఫాలు, కొహిమాలయొద్ద జపానువారిని నిలువరించిన సేనలో అధికభాగము మనవారిదే. మడిసినవారు సుమారు 87,000. వారందఱును ప్రజాస్వామ్యముకొఱకే పోరిరని మేము చెప్పజాలము. జీతము, ఇంటి పేదఱికము, వంశాచారము, ఊరిపెద్ద ప్రోద్బలము, ఒక్కొక్కరిని ఒక్కొక్కటి పంపినది. అందుచే వారి త్యాగము తక్కువ కాలేదు.

ఇక అప్పుమాట. 1939-40 నాటి యొప్పందముచొప్పున భారతసేనలు విదేశములలో చేయు యుద్ధవ్యయము బ్రిటను భరింపవలెను. కాని ఆ సొమ్ము వెంటనే మన చేతికి రాలేదు. లండనులో మన పేర పౌనులలో జమ వ్రాయబడుచుండెను. ఇచట సరకులకును కూలికిని చెల్లింపవలసిన రూపాయలకై నోట్లు అచ్చగుచుండెను. యుద్ధాంతమునకు ఆ జమ సుమారు 130 కోట్ల పౌనులైనది. నోట్లు పెరిగి సరకులు తరిగినందున ధరలు మండినవి. కావున ఆ నిలువ ధనికుడు తన మిగులునుండి యిచ్చిన ఋణము కాదు. పేదవాని గిన్నెలోనుండి తీసినది. బ్రిటను తానే బరువు మోసితినని చెప్పు పుటలో ఈ గిన్నె కనబడదు.

సురక్షితులమైతిమను మాటలో కొంత నిజము లేకపోలేదు. వార్సాకును, లెనిన్‌గ్రాడునకును పట్టిన గతి మన నగరములకు పట్టలేదు. అయినను 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసినవి. 1943లో వంగదేశమున క్షామము వచ్చినది. బర్మా జపాను వశమై అచటి బియ్యము రాకపోవుట, శత్రువునకు దక్కరాదని తీరగ్రామములలో ధాన్యమును పడవలను ప్రభుత్వమే తొలగించుట, 1942 అక్టోబరు నాటి తుపాను, ధరల పెరుగుదల, ఇవన్నియు ఏకమైనవి. ఓడలు కావలెనని ఇచటినుండి అర్థించినప్పుడు చర్చిలు మంత్రివర్గము అడిగినదానిలో స్వల్పభాగమునకే సమ్మతించినది. ఇంచుమించు ముప్పది లక్షలమంది మరణించిరని నేటి చరిత్రకారులలో పెక్కురి గణన. బాంబు పడి చచ్చినవానికి యుద్ధమృతుడని పేరు. యుద్ధమువలన అన్నము లేక చచ్చినవానికి ఆ పేరైనను దక్కలేదు.

ఇంతటి క్షామమునకు ఆఱు సంపుటముల ప్రధానకథనములో ఒక ప్రకరణమైనను లేదు. గ్రంథకర్త ఎఱుగడనుకొందమా? 1944 ఏప్రిలులో ఆయనయే రూజ్‌వెల్టునకు ఓడలకై లేఖ వ్రాసెను, అమెరికా ఇవ్వలేదు. ఆ లేఖ ఆయనకు కొంత గౌరవము తెచ్చునదే. కాని ఎఱిగినవాడు కథలో చెప్పకుండుటకు అజ్ఞానము కారణము కాదు, కథానిర్మాణమే కారణము. నాయకుడును కథకుడును ఒక్కడే యగునప్పుడు, నాయకుని వెలుగును తగ్గించునది కథనుండి జారిపోవును.

వ్యాసుడును జయమునే వ్రాసెను. అయినను జయము పిమ్మట ఆయన లేఖిని నిలువలేదు. స్త్రీపర్వమున గాంధారిని రణభూమికి రప్పించి, పీనుగు పీనుగునకు ముందు నిలిపి, గెలిపించినవానినే ఆమెచేత నిలదీయించెను. తిక్కనయు దానిని వదలక తెనిగించెను. చర్చిలు చరిత్రలో స్త్రీపర్వము లేదు. గెలిచినవాడు వ్రాసికొన్నదగుటచేత కాదు, గెలుపునకు వెల యిచ్చినవారిని పిలువకపోవుటచేత ఆ గ్రంథము మా దృష్టిలో తక్కువైనది.

అయితే ఈ నేరము ఒక్క ఆంగ్లేయునిదే యని చేతులు దులుపుకొందమా? వంగసాహిత్యము తన దుఃఖమును తానే చెప్పుకొన్నది. 1944లో విజన్ భట్టాచార్య 'నవాన్న' నాటకము రంగమెక్కినది. చిత్తప్రసాదు క్షామచిత్రముల పుస్తకము ప్రతులను ప్రభుత్వము పట్టుకొని నాశనము చేసినను చిత్రములు నిలిచినవి. సిపాయి సంగతి వేఱు. ఆజాద్ హింద్ సేనానులను 1945లో ఎఱ్ఱకోటలో విచారించినప్పుడు దేశమంతయు కదలినది; అది ధర్మమే. కాని ఎదుటి పక్షమున నిలిచి మడిసిన 87,000 మంది పరప్రభువు కూలివాండ్రని తలచి మనము మొగము త్రిప్పుకొంటిమి. దేశము రెండైన పిదపను భారత పాకిస్తాను ప్రభుత్వములు విశ్వేశ్వర ప్రసాదు సంపాదకత్వమున ఉమ్మడిగా ఆ సేనల చరిత్రను ప్రకటించినవి. కలిసి చేసిన పనులే అరుదైన ఆ రెండింటి నడుమ ఇది వింతయే. ఆ సంపుటములు గ్రంథాలయములు దాటి మన యిండ్లకు రాలేదు.

తెలుగువారికి దగ్గఱి సంగతి ఇంకొకటి కలదు. గోదావరి, విశాఖ మండలములనుండి ఓడలెక్కి పోయి రంగూను రేవులలోను బియ్యపుమరలలోను కష్టించిన మనవారిని బర్మాలో కోరంగివారనిరి. కోరంగి రేవే వారికి పేరైనది. 1942లో రంగూను పడిపోగా నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఆ దేశమును విడిచిరి. ఓడలో చోటు దొరకనివారు అరకాను కొండలమీదుగాను మణిపురము త్రోవనుగూడను కాలినడకను బయలుదేరిరి. ఆకలికిని, కలరాకును, మన్నెపుజ్వరమునకును దారిలో వేలకొలది మంది పడిపోయిరి. బర్మా సమరమును ఘట్టము ఘట్టముగా వర్ణించిన చర్చిలు గ్రంథమున ఈ నడక లేదు. మన విద్యార్థుల చరిత్రపాఠములలోనైన దీనికి ఒక పుట కానరాదు. నాడు తల్లి చేయిపట్టుకొని నడచిన పదేండ్ల బిడ్డలు, బ్రదికియున్నచో, నేడు తొంబదియేండ్లు దాటినవారు.