హోటల్ వంటగదిలో కరెంటు

హోటల్ వంటగదిలో కరెంటు పక్కనే నీళ్లు, ఆవిరి, నూనె జిడ్డు, సెగ ఉంటాయి. ఇంటి వైరింగు లెక్క అక్కడ సరిపోదు. 230 వోల్టుల మీద 3 కిలోవాట్ల హీటరు ఒక్కటే 13 ఆంపియర్లు లాగుతుంది. అలాంటిదానికి విడి లైను, తగిన మందం రాగి వైరు, సొంత ఎంసీబీ (లోడు మించితే లైను ఆపి వైర్లను కాపాడే స్విచ్చు) ఉండాలి. ఫ్రీజరు, మిక్సీ, ఓవెన్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే ముందు మాడేది ప్లగ్గు పిన్నుల దగ్గరే.

వైర్లను కాపాడటం వేరు, మనిషిని కాపాడటం వేరు. వంటగది భద్రతలో తరచూ మరుగున పడేది ఈ తేడానే. పిండి రుబ్బే గ్రైండరుది స్టీలు బాడీ. దాని చుట్టూ నేలంతా తడి, ఆ తడిలో ఒట్టికాళ్లతో నిలబడి పిండి తీసే మనిషి. మోటారులో ఇన్సులేషన్ పాడై ఫేజు బాడీకి తగిలినప్పుడు ఎర్త్ లేకపోతే కరెంటు ఆ మనిషి ఒంట్లోంచే నేలలోకి దిగుతుంది. 50 మిల్లీ ఆంపియర్లు కూడా గుండె లయ తప్పించి ప్రాణం తీయగలవు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అదొక లోడే కాదు, కదలదు. అక్కడ ఆదుకునేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చినదానికీ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి 0.3 సెకన్లలోపే సరఫరా ఆపేస్తుంది. దాని టెస్ట్ బటన్‌ను నెలకోసారైనా నొక్కి చూడాలి. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి డైరెక్ట్ చేయించడం పనివాళ్ల ప్రాణాలతో చెలగాటం. లీకేజీ ఏ పరికరంలో ఉందో వెతికి బాగు చేయించాలి.

ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎర్తింగును వదిలేయకూడదు. ఎర్తింగుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3043, వైరింగుకు ఐఎస్ 732. ఎర్త్ లాగే ఖర్చు మిగుల్చుకుందామని సాకెట్‌లో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలపడం ఘోరం. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే పరికరం బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది.

సాకెట్లు సింకుకూ పొయ్యికీ ఎడంగా, నేల కడిగే నీళ్లు అందని ఎత్తులో ఉండాలి. పైపుతో నీళ్లు కొట్టి కడిగే చోట నీటి ధారను తట్టుకునే ఐపీ55 రకం సాకెట్లు పెట్టాలి. చిమ్నీ మోటారుకు పట్టిన జిడ్డును ఎప్పటికప్పుడు తీయించాలి, వైర్లను పొగగొట్టంలోంచి లాగకూడదు. మెయిన్ స్విచ్ పొయ్యిలు దాటకుండా అందే చోట, వీలైతే తలుపు దగ్గరే ఉండాలి. వంట గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. కాబట్టి సిలిండర్ల గదిలో మామూలు స్విచ్చులు, సాకెట్లు పెట్టకూడదు. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చునూ వేయకూడదు, ఆర్పకూడదు. వాల్వు కట్టేసి, తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చేయాలి.